కంప్యూటర్‌కూ గిటార్‌కూ ఒకే కుర్చీ: ఒక కేస్ స్టడీ

పేషెంటు వయసు 34. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివేటప్పుడు నేర్చుకున్న గిటార్‌ని చాలా ఏళ్ల తర్వాత మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. పని అయ్యాక అదే గదిలో, అదే కుర్చీలో రోజూ గంటసేపు సాధన. ఆయన అనుమతితో, గుర్తుపట్టే వివరాలు తీసేసి ఈ కేసు రాస్తున్నాను.

నా దగ్గరికి వచ్చింది కుడి భుజం నొప్పితో. మెడకూ భుజానికీ మధ్య కండరం సాయంత్రానికి బిగుసుకుపోతోందని, ఎడమ మణికట్టు లోపలివైపు లాగుతోందని, అరగంట వాయిస్తే నడుము పట్టేస్తోందని చెప్పారు. అప్పటికే భుజానికి ఎంఆర్ఐ తీయించుకున్నారు, అందులో చెప్పుకోదగ్గదేమీ లేదు. కొన్నాళ్లు గిటార్ మానేసి చూడమని ఎవరో సలహా ఇచ్చారట. "ఇన్నేళ్లకి మొదలుపెట్టాను మేడం, మళ్లీ మానేయమంటే ఎలా?" అన్నారు. నేను ఫిజియోథెరపిస్టుని. సంగీతం వాయించేవాళ్లకి "మానేయండి" అన్నది చివరి మాటగా ఉండాలి తప్ప మొదటి మాట కాకూడదని గట్టిగా నమ్ముతాను.

పరీక్ష చేసి చూస్తే భుజం అన్ని వైపులా పూర్తిగా తిరుగుతోంది, చేతుల్లో బలం సరిగ్గానే ఉంది, వేళ్లలో తిమ్మిరి లేదు. కీలులో జబ్బు ఉన్న మనిషిలా అనిపించలేదు. కండరం అలిసిపోతోంది, అంతే. ఏ భంగిమలో అలిసిపోతోందన్నదే తేలాలి. ఫోన్‌ని ఒకసారి ఎదురుగా, ఒకసారి కుడిపక్కన పెట్టి, మామూలుగా వాయిస్తున్నట్టే వీడియో తీసి పంపమన్నాను. క్లినిక్‌లో స్టూలు మీద కూర్చోబెడితే అందరూ బుద్ధిగా నిటారుగా కూర్చుంటారు. ఇంట్లో కూర్చునే తీరు వేరు.

వీడియోలో కనపడింది

గిటార్ డ్రెడ్‌నాట్ రకం అకూస్టిక్. దీని బాడీ పెద్దది: కింది భాగం వెడల్పు దాదాపు 40 సెంటీమీటర్లు, లోతు 12 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. మొత్తం పొడవు మీటరు పైనే. కుర్చీ గేమింగ్ చెయిర్. కారు సీటులా రెండు పక్కలా ఎత్తుగా, మధ్యలో పల్లంగా, మీద రెగ్జిన్.

కూర్చుని గిటార్‌ని కుడి తొడ మీద పెట్టుకుంటే బాడీ కింది భాగం తొడ దాటి కుడివైపుకి బాగా బయటికి వస్తుంది. సరిగ్గా అక్కడే కుర్చీ హ్యాండిల్ ఉంది. గిటార్ దానికి తగిలి ఆగిపోతోంది. అప్పుడాయన చేస్తున్నది ఏమిటంటే, గిటార్ అడుగుని హ్యాండిల్ మీదికి ఎక్కించి వాయించడం. దాంతో గిటార్ నాలుగైదు సెంటీమీటర్లు పైకి లేస్తోంది. కుడి ముంజేయి దాని పైఅంచు దాటి తీగల మీదికి రావాలంటే భుజాన్ని చెవి వైపు ఎత్తి పట్టుకోక తప్పదు. ఎదురుగా తీసిన వీడియోని ఆపి చూస్తే ఎడమ భుజం కన్నా కుడి భుజం స్పష్టంగా పైన ఉంది. గంటసేపు అలా ఎత్తిపట్టుకుంటే ఎవరి కండరమైనా బిగుసుకుంటుంది.

కాసేపటికి అది ఇబ్బందై సీటు అంచుకి జరిగారు. హ్యాండిల్స్ వెనకబడ్డాయి కాబట్టి భుజం దిగింది. కానీ సీటు అంచు కిందికి వాలి ఉంటుంది, పైగా రెగ్జిన్ నున్నగా ఉంటుంది. తొడ ముందుకి వాలడంతో గిటార్ మోకాలి వైపు జారుతోంది. జారే గిటార్‌ని ఆపుతున్నది ఎడమచెయ్యి. బొటనవేలు, అరచేయి నెక్ (గిటార్ పొడవాటి మెడ) బరువు మోస్తూ ఉంటే అదే చేతి వేళ్లు కార్డులు పట్టాలి, అంటే కొన్ని స్వరాలు కలిసి మోగేలా తీగలు నొక్కాలి. మణికట్టు లోపలికి మడిచి, బలం పెట్టి నొక్కుతున్నారు. ఎడమ మణికట్టు నొప్పికి కారణం అక్కడ దొరికింది. ఆయన మాత్రం బారె కార్డులు (ఒకే వేలితో తీగల్ని అడ్డంగా నొక్కి పట్టేవి) సరిగ్గా రాకపోవడం వల్ల అనుకుని, ఇంకా ఎక్కువ సాధన చేస్తున్నారు.

నడుము సంగతి పక్క వీడియో చెప్పింది. సీటు మధ్యలో స్పాంజి దిగిపోయి పల్లమైంది. ఆ పల్లంలోకి తుంటి వెనక్కి దొర్లి, నడుము గూనిలా వంగుతోంది. తొడకీ మొండేనికీ మధ్య కోణం తగ్గేకొద్దీ నడుములోని సహజమైన వంపు చదునైపోతుందని 1953లోనే అమెరికన్ న్యూరోసర్జన్ జె. జె. కీగన్ ఎక్స్‌రేలతో చూపించాడు. ఆయన లెక్కలో ఆ కోణం 135 డిగ్రీల దగ్గర ఉంటే నడుముకి హాయి. పల్లపు సీటులో అది 90 కన్నా తక్కువే. పైన గిటార్, దాని మీదికి వాలిన ఛాతీ.

టేపు పెట్టి కొలిస్తే

కొలతలకి దర్జీ టేపు చాలు. మోకాలి వెనక గుంట నుంచి నేలకి, చెప్పులు లేకుండా, 42 సెంటీమీటర్లు. కుర్చీని పూర్తిగా కిందికి దించినా సీటు 47 దగ్గర ఆగుతోంది. ఈ తేడాని మన ఇళ్లలో ఎవరూ పట్టించుకోరు. కుర్చీల కొలతలు బూట్లు వేసుకుని కూర్చునే మనిషిని ఊహించి పెడతారు. మనం ఇంట్లో ఉత్త కాళ్లతో కూర్చుంటాం. రెండు మూడు సెంటీమీటర్లు అక్కడే పోతాయి. పాదాలు నేలకి ఆనక, కుర్చీ కింద చక్రాల కాళ్ల మీద పెట్టుకుని వాయిస్తున్నారు. అలా పెడితే మోకాళ్లు వెనక్కి మడిచి, తొడలు కిందికి వాలతాయి. గిటార్ మళ్లీ జారుతుంది.

నిజానికి ఆయన ఆ కుర్చీని పూర్తిగా దించడం కూడా అరుదే. టేబుల్ ఎత్తు 75 సెంటీమీటర్లు. బజార్లో దొరికే టేబుళ్లు చాలావరకు ఇంచుమించు ఇదే ఎత్తు. ఆయన మోచేయి సీటు నుంచి 23 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అంటే 42 దగ్గర కూర్చుంటే కీబోర్డు 65 దగ్గర ఉండాలి. టేబుల్ దానికన్నా 10 ఎక్కువ. అందుకని పగలంతా కుర్చీని పైకి లేపి, కాళ్లు గాల్లో పెట్టి పని చేస్తున్నారు. సాయంత్రం గిటార్ పట్టేటప్పుడు లీవర్ నొక్కి దించాలన్న ఆలోచన రాదు. కుర్చీ సమస్యలో సగం టేబుల్ సమస్యే అని నేను ఎప్పుడూ చెప్పేది ఇందుకే.

కుర్చీ కొనే ముందు ఒక పని చేయమన్నాను. డైనింగ్ టేబుల్ దగ్గరి చెక్క కుర్చీని గదిలోకి తెచ్చుకుని, వారం పాటు దాని మీదే వాయించమన్నాను. హ్యాండిల్స్ లేవు, సీటు గట్టిగా, చదునుగా ఉంటుంది, ఎత్తు 45. కాళ్ల కింద మడిచిన దుప్పటి. వారం తర్వాత భుజం నొప్పి బాగా తగ్గిందని, మణికట్టు కొంచెం మేలని, నడుము మాత్రం అలాగే ఉందని చెప్పారు. నా ఊహ సరైనదే అనడానికి అది చాలు. ఖర్చు లేని పరీక్ష కాబట్టి గిటార్ వాయించే ఎవరైనా చేసి చూడవచ్చు.

వాళ్లమ్మగారు ఒకసారి ఆయనతో పాటు క్లినిక్‌కి వచ్చారు. "నేల మీద చాప వేసుకుని కూర్చుంటే సరిపోదా అమ్మా? వీణ వాయించేవాళ్లంతా అలాగే కూర్చుంటారు కదా" అని అడిగారు. మంచి ప్రశ్న. పాలకొల్లు నుంచి వచ్చిన మాండొలిన్ శ్రీనివాస్ గారు పాశ్చాత్య వాయిద్యాన్ని నేల మీద బాసిపట్టు వేసుకుని జీవితాంతం వాయించారు. కానీ మాండొలిన్ చిన్నది, ఒడిలో ఇమిడిపోతుంది. వీణకి రెండు వైపులా ఆధారం ఉంటుంది, కుండ నేలకి ఆనుతుంది, రెండో బుర్ర ఎడమ తొడ మీద ఉంటుంది. డ్రెడ్‌నాట్‌కి అలాంటి ఏర్పాటు లేదు. పైగా చిన్నప్పటి నుంచీ నేల మీద కూర్చునే అలవాటు ఉన్న తుంటి వేరు, రోజుకి తొమ్మిది గంటలు కుర్చీలో ఉండే తుంటి వేరు.

ఉన్న దారులు

అన్నిటికన్నా సులువైనది గిటార్‌కి వేరే స్టూలు. గదిలో చోటు ఉంటే నేను ముందు చెప్పేది అదే. ఈయన గది పది అడుగులకి పది. మంచం, బీరువా, టేబుల్ పోగా మిగిలింది ఒక కుర్చీ తిరిగేంత స్థలం. పైగా వీడియో పాఠాలు ఆపుతూ, మళ్లీ నడుపుతూ వాయిస్తారు, కాల్స్ మధ్య పది నిమిషాలు దొరికితే గిటార్ తీస్తారు. ప్రతిసారీ కుర్చీ మార్చడం జరిగే పని కాదు. కాబట్టి రెండు పనులకీ ఒకే కుర్చీ కావాలి.

ఇక్కడ నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. రెండు పనులకీ ఒకే కుర్చీ అయితే, ముందు గిటార్‌కి సరిపోయేది ఎంచుకోవాలి. కంప్యూటర్ పనికి కావలసిన వాటిని టేబుల్ దగ్గర సర్దుకోవచ్చు: కీబోర్డు దించవచ్చు, మానిటర్ ఎత్తవచ్చు. గిటార్‌కి అడ్డొచ్చే హ్యాండిల్‌ని, పల్లంగా ఉన్న సీటుని టేబుల్ దగ్గర ఏం చేసినా సరిచేయలేం.

ఉన్న కుర్చీకే హ్యాండిల్స్ ఊడదీస్తే? ముందు దీన్నే చూశాం. కుర్చీని పక్కకి పడుకోబెట్టి అడుగున చూడాలి. హ్యాండిల్ బోల్టులు సీటు అడుగున మాత్రమే ఉంటే ఎలెన్ కీతో తీసేయవచ్చు. కొన్ని చౌక కుర్చీల్లో బ్యాక్‌రెస్ట్‌ని సీటుకి కలిపి ఉంచేది హ్యాండిల్సే. వాటిని తీస్తే వెనక భాగం మొత్తం ఊడి వస్తుంది, అలాంటి వాటి జోలికి పోకూడదు. ఈయన కుర్చీలో హ్యాండిల్స్ విడిగా వచ్చేవే. తీసి చూశాం. భుజం దిగింది, కానీ పల్లం, రెగ్జిన్, 47 సెంటీమీటర్ల ఎత్తు అలాగే ఉన్నాయి. పక్కల ఎత్తుగా ఉన్న సీటు తొడల్ని లోపలికి నెడుతోంది. గిటార్‌కి తొడలు కొంచెం విడిగా ఉండాలి. గేమింగ్ చెయిర్‌ని గిటార్ వాయించేవాళ్లకి నేను అస్సలు సిఫారసు చేయను, ఖరీదైనదైనా సరే. అది వెనక్కి వాలి కూర్చునేవాళ్ల కోసం చేసిన కుర్చీ. గిటారిస్టు ముందుకి వస్తాడు.

గుర్రపు జీను ఆకారంలో ఉండే స్టూళ్ల గురించి కూడా అడిగారు. నార్వే డిజైనర్ పీటర్ ఓప్స్విక్ 1984లో చేసిన కాపిస్కో కుర్చీ ఈ ఆలోచనకి పేరున్న ఉదాహరణ. వీటి మీద తొడలు విచ్చుకుని కిందికి వాలతాయి, నడుము వంపు బాగా నిలుస్తుంది. నడుముకి ఎంతో మంచిది. కానీ వాలిన తొడ మీద డ్రెడ్‌నాట్ నిలవదు, భుజాన స్ట్రాప్ వేసుకోక తప్పదు. ధర కూడా ఆయన అనుకున్నదానికి చాలా పైన.

మిగిలింది మామూలు ఆఫీసు కుర్చీ: హ్యాండిల్స్ తీసేయగలిగేది, సీటు చదునుగా స్పాంజితో ఉండేది, వీపు వైపు జాలీ ఉండేది. సీటు కూడా జాలీ అయితే ఎండాకాలం హాయిగా ఉంటుంది, నిజమే. కానీ దాని చుట్టూ గట్టి ఫ్రేము ఉంటుంది, ముందుకి జరిగి కూర్చుంటే ఆ ఫ్రేము తొడ కింద ఒత్తుకుంటుంది. పైకి మడిచే హ్యాండిల్స్ ఉన్నవి కూడా పరవాలేదు. కాకపోతే మడిచాక అవి నిలువుగా వీపు పక్కన నిలబడతాయి, కుడి మోచేయి వెనక్కి వచ్చినప్పుడు తగులుతాయేమో చూసుకోవాలి. కొన్నాళ్లకి లూజై కిర్రుమంటాయి. రికార్డింగ్ చేసుకునేవాళ్లకి ఆ చప్పుడు పెద్ద తలనొప్పి, కండెన్సర్ మైకు దాన్ని అస్సలు వదలదు.

దుకాణంలో

గిటార్ తీసుకునే వెళ్లమన్నాను. మొదట మొహమాటపడ్డారు. దుకాణంవాళ్లు ఏమీ అనుకోలేదు, పైగా ఇంకో రెండు కుర్చీలు లోపల్నుంచి తెచ్చి చూపించారట.

నేను ఫోన్‌లో చెబుతుంటే ఆయన ఒక్కొక్క కుర్చీనీ పరీక్షించారు. ముందు చెప్పులు విప్పి, కుర్చీని పూర్తిగా దించి కూర్చోవాలి. పాదాలు రెండూ నేలకి ఆనాలి, తొడ అడుగున ఒత్తిడి ఉండకూడదు. తర్వాత గిటార్ పెట్టుకుని ఎడమచెయ్యి పూర్తిగా వదిలేయాలి. గిటార్ కదలకుండా ఉంటే సరే, నెక్ కిందికి దిగితే ఆ కుర్చీతో మణికట్టుకి పని పెరుగుతుంది. నేను దేన్నైనా వదులుకుంటాను గానీ ఈ పరీక్షని వదులుకోను. ఆ తర్వాత కుడిచేత్తో తీగలన్నిటినీ పైనుంచి కిందికి పూర్తిగా మీటి (స్ట్రమ్ చేసి), మోచేయి దేనికైనా తగులుతోందా చూసుకోవాలి. చివరగా సీటు ముందు సగంలో కూర్చుని పాదంతో తాళం వేయాలి. సీటు ముందుకి ఊగినా, కుర్చీ నేల మీద జరిగినా తెలిసిపోతుంది.

ఒక కుర్చీ చూడటానికి ఎంతో బాగుంది, తల ఆనించుకునే దిండు, నడుముకి ఇంకో దిండు. ఎడమచెయ్యి వదలగానే నెక్ కిందికి జారింది, ఎందుకంటే సీటు ముందు అంచు మరీ గుండ్రంగా ఉంది. చివరికి తీసుకున్నది ఏ ఆడంబరమూ లేని మధ్యరకం కుర్చీ. సీటు 41 నుంచి 51 సెంటీమీటర్లు, లోతు 44, గుడ్డ కవరు, వెనక జాలీ, వెనక్కి వాలకుండా లాక్ చేసుకోవచ్చు. హ్యాండిల్స్ అడుగున బోల్టులతో ఉన్నాయి, దుకాణంలోనే తీయించి బోల్టులు దాచుకున్నారు. ధర గేమింగ్ చెయిర్ ధరలో సగం కూడా లేదు.

ఇంట్లో టైల్స్ మీద చక్రాలు జారుతున్నాయి. వాటిని లాగి తీసి, కదలని ప్లాస్టిక్ బుడిపెలు పెట్టించాం. చాలా కుర్చీల్లో చక్రం కాడ కొలత ఒకటే, 11 మిల్లీమీటర్ల మందం, 22 మిల్లీమీటర్ల పొడవు, కాబట్టి విడిగా కొన్నా సరిపోతాయి. సీటు కూడా కొంచెం దిగింది, ఆయన ఎత్తుకి అది కలిసొచ్చింది.

టేబుల్ సర్దుబాటు

వడ్రంగిని పిలిచి టేబుల్ కింద జరిగే ట్రే పెట్టించాం. పైభాగం నేల నుంచి 65 సెంటీమీటర్లు, లోతు 35. ట్రే పెట్టే ముందు తొడ మందం కొలుచుకోవాలి, లేదంటే మోకాళ్లు కొట్టుకుంటాయి. ఈయనకి తొడ పైభాగం 56 దగ్గర ఉంది, ట్రే అడుగుకీ దానికీ మధ్య తగినంత ఖాళీ ఉంది.

మొదటి వారంలోనే ఫోన్ చేశారు: హ్యాండిల్స్ లేకపోవడంతో టైప్ చేస్తుంటే ముంజేతులు లాగుతున్నాయని. నిజమైన ఇబ్బందే. కీబోర్డుని ట్రేలో లోపలికి నెట్టి, ముందు 12 సెంటీమీటర్ల ఖాళీ వదలమన్నాను. ముంజేయి చివర అక్కడ ఆనుతుంది. మౌస్ కూడా పైన టేబుల్ మీద కాకుండా ట్రే మీదే ఉండాలి. లాప్‌టాప్ తెరని పుస్తకాల దొంతర మీదికి ఎత్తాం. దాంతో ఆ ఫిర్యాదు చాలావరకు పోయింది.

ఇంకొకటి, గిటార్ నెక్‌కి ఎడమవైపు చోటు కావాలి. టేబుల్ గదిమూలలో ఎడమ గోడని ఆనుకుని ఉండేది. హెడ్‌స్టాక్ (నెక్ చివరి భాగం) గోడకి తగలకుండా మొండేన్ని కుడివైపుకి తిప్పి కూర్చునేవారు, తల మాత్రం తెర వైపు. టేబుల్‌ని అరవై సెంటీమీటర్లు జరిపితే ఆ మెలిక పోయింది. మంచం కొంచెం ఇరుకైంది, ఇంట్లోవాళ్లు సర్దుకున్నారు.

భుజానికి స్ట్రాప్ వేయించాను, కూర్చుని వాయించేటప్పుడు కూడా. చాలామంది అది నిలబడటానికే అనుకుంటారు. స్ట్రాప్ ఉంటే గిటార్ ఎత్తు తొడ మీద ఆధారపడదు, నెక్ కొంచెం పైకి చూస్తుంది, మణికట్టు నిటారుగా ఉంటుంది. మొదట కుడి పాదం కింద వంటింటి పీట కూడా పెట్టి చూశాం. గిటార్ బాగానే నిలిచింది గానీ ఒక కాలు ఎత్తితే తుంటి వెనక్కి దొర్లుతుంది, నడుము నొప్పి ఉన్న మనిషికి అది వద్దనుకుని తీసేశాం.

ఆరు వారాల తర్వాత

కుడి భుజం బిగుసుకోవడం దాదాపు పోయింది. మణికట్టు నొప్పి బారె కార్డులు ఎక్కువున్న పాటలకి మాత్రమే వస్తోంది. అది సాధనలో సర్దుకోవాల్సినది, వాళ్ల గిటార్ మాస్టారుకి అప్పగించాను. నడుము మెరుగైంది, కానీ మీటింగులు ఎక్కువున్న రోజు సాయంత్రం గిటార్ పడితే ఇంకా పట్టేస్తోంది. భుజం వెనక కండరాలకి, తుంటికి వ్యాయామాలు కూడా ఇదే సమయంలో ఇచ్చాను కాబట్టి ఫలితమంతా కుర్చీదే అనను. కానీ చెక్క కుర్చీ వారంలో వ్యాయామాలు ఇంకా మొదలుపెట్టలేదు. అప్పుడే భుజం తేలికపడింది.

గిటార్ మారితే ఎంపిక కూడా మారుతుంది. లెస్ పాల్ లాంటి ఎలక్ట్రిక్ గిటార్ బాడీ చిన్నది, పలచన, హ్యాండిల్స్‌కి అంతగా తగలదు. కానీ బరువు దాదాపు నాలుగు కిలోలు ఉంటుంది, అది వాయించేవాళ్లకి హ్యాండిల్స్ కన్నా వెడల్పాటి స్ట్రాప్ ముఖ్యం. క్లాసికల్ వాయించేవాళ్లు గిటార్‌ని ఎడమ తొడ మీద పెడతారు, ఎడమ పాదం కింద చిన్న స్టూలు. వాళ్లకి సీటు గట్టిగా, చదునుగా ఉండటం అన్నిటికన్నా అవసరం, చక్రాలు అస్సలు వద్దు. పాదం ఎత్తడం వల్ల నడుము లాగితే ఆ స్టూలు బదులు తొడ మీద పెట్టుకునే సపోర్టులు దొరుకుతున్నాయి, వాటిని వాడమంటాను. ఎడమచేతి వాటం వాళ్లయితే హ్యాండిల్ తగిలేది ఎడమవైపు, గోడ అడ్డొచ్చేది కుడివైపు. పొడుగువాళ్లకి 41 సెంటీమీటర్ల సీటు పనికిరాదు, వాళ్లు పైన ఎంతవరకు లేస్తుందో చూసుకోవాలి.

వేళ్లలో తిమ్మిరి, చిటికెన వేలు మొద్దుబారడం, పట్టు జారిపోవడం ఉంటే మాత్రం కుర్చీల వెంట తిరగకుండా ముందు డాక్టర్‌కి చూపించుకోండి. కుడి ముంజేయి గిటార్ అంచు మీద గంటలకొద్దీ ఒత్తుకున్నా, మోచేయి ఎక్కువసేపు మడిచి ఉంచినా నరం మీద భారం పడవచ్చు. దానికి చేసే పరీక్షలు వేరు.